కోటకు జానెడు తక్కువ

ఏప్రిల్ 3
కోట కింద, గుడారం

చెల్లాయికి,

కాలు ఎలా ఉంది? పట్టీ విప్పేదాకా మిషను తొక్కనని డాక్టరు ముందు ఒప్పుకున్నావు. ఆయన వీధి మలుపు తిరిగేలోపే తొక్కి ఉంటావని నాకు తెలుసు.

మేము నిన్న మధ్యాహ్నం చేరాం. బస్సు దిగాక రెండు కిలోమీటర్లు నడక. గుడారాలు వేసుకునే మైదానానికి ఒకావిడ కాపలా ఉంటుంది. మాకు తొమ్మిది నిబంధనలు చదివి వినిపించింది. పదోది మా ఇద్దరినీ చూశాక అప్పటికప్పుడు కల్పించినట్టుంది, అరవై దాటినవాళ్ళు గోడలెక్కరాదట. గుడారం వేసే చోట రసమట్టం పెట్టి నేల వాలు చూస్తుంటే నవ్వింది. నవ్వనీ. నలభై ఏళ్ళు పురావస్తు శాఖలో పటాలు గీసినవాడు వాలు నేల మీద పడుకోలేడు.

గొలుసు బాగానే నడిచాడు. ఆఫీసులో ఇప్పటికీ అందరూ అతన్ని ఆ పేరుతోనే అడుగుతారు. కొలత గొలుసు, టేపు కొస పట్టుకుని నిలబడ్డ మనిషికి ఇంకో పేరుందని ఎవరికీ గుర్తులేదు. మోకాళ్ళు పాడయ్యాయంటాడు కానీ గుడారం మేకులన్నీ అతనే కొట్టాడు. ఎప్పుడో పాతిన కొలత రాళ్ళు ఎక్కడెక్కడున్నాయో అతనికి తప్ప ఎవరికీ తెలియదు కాబట్టే వెంట తెచ్చుకున్నాను.

పని ఏమిటో నీకు సగమే చెప్పాను. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఒకే వేసవిలో నేను కొలిచి గీసిన మూడు పటాలు, ఈ కోట, స్నానశాలలు, కొండ మీది కావలి బురుజు, శాఖవాళ్ళు పుస్తకంగా వేస్తున్నారు. నా పేరుతోనే. ఒకసారి సరిచూసి నెలాఖరులోగా సంతకం చేసి పంపమన్నారు. సరిచూడటానికేముంది, నాలుగు రోజులు చెట్ల కింద తిరిగి రావచ్చు అనుకున్నాను. ఈ పొద్దున దక్షిణపు గోడ కొలిస్తే ఇరవై రెండు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. సరిగ్గా జానెడు.

ఆ వేసవి చివర పై అధికారి వేరే టేపుతో ఒక గోడ కొలిచి ఇలాంటి తేడానే పట్టుకున్నాడు, గుర్తుందా? తప్పు గొలుసుదని రాసి ఇచ్చాను. అతన్ని రాళ్ళ గిడ్డంగికి పంపేశారు. ఆ ఒక్క గోడ దిద్దాం, మిగతావి సరిగ్గానే ఉన్నాయని నమ్మాను. ఇప్పుడు అన్నీ ఇలాగే ఉంటే ఊరుకోను. పటం కింద ఆ తప్పు ఎవరిదో పేరుతో సహా ఒక వాక్యం వేయిస్తాను. నా పేరు మీద తప్పు కొలత అచ్చు కాకూడదు.

ఫోను ఇక్కడ పలకదు. ఎనిమిదో తేదీ దాకా కోట, పన్నెండు దాకా జలపాతం, తర్వాత స్నానశాలలు, ఆఖర్న బురుజు. ఆయా ఊళ్ళ పోస్టాఫీసుల్లో నా పేరున ఉంచమని ఉత్తరాలు రాయి.

నీ అన్నయ్య


ఏప్రిల్ 6
కొట్టు

అన్నయ్యకు,

మిషను తొక్కడం లేదు. చేత్తో తిప్పుతున్నాను. డాక్టరు చేతుల సంగతి ఏమీ చెప్పలేదు.

పై అరలో బట్టల తాను దించబోయి స్టూలు మీంచి పడ్డానని వీధి వీధంతా తెలిసిపోయింది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఊరికే రాకుండా ఓ చిరుగు పట్టుకొస్తున్నారు. ఎదురు మేడలో పళ్ళ డాక్టరు నిన్న మళ్ళీ ప్యాంటుకి కొలతలిచ్చాడు. టేపు నడుముకి చుట్టగానే ఊపిరి బిగబడతాడు. నేను గోడ గడియారం చూస్తూ నిలబడతాను. ఎంతసేపని బిగబడతాడు? వదిలాక అసలు అంకె రాసుకుంటాను. ఆయన చూడడు, నేను చెప్పను. ప్యాంటు మాత్రం సరిపోతుంది.

నీ గోడ సంగతి వదిలెయ్. వెయ్యేళ్ళు ఎండలో నిలబడ్డ గోడ జానెడు కుదించుకుపోతే మాత్రమేం, నువ్వు కుదించుకుపోలేదా? కట్టించినవాళ్ళు అడగడానికి రారు. చూడటానికొచ్చేవాళ్ళు ఫోటో దిగి పోతారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? సంతకం పెట్టి పంపెయ్.

గొలుసాయన పేరు మాత్రం ఎక్కడా రాయకు. ఒకసారి రాశావు, చాలు. ఎండలో కొండల్లో తిరిగే మనిషిని తీసుకెళ్ళి కిటికీ లేని కొట్టులో పెట్టారు. ఇరవై ఆరేళ్ళు విరిగిన రాళ్ళకి నంబర్లు వేస్తూ కూర్చున్నాడు. అచ్చులో పడ్డ మాట మనం పోయాక కూడా ఉంటుంది. ఆయన మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టించు.

నీతో ఒక సంగతి మాట్లాడాలి. వచ్చాక చెబుతాను. అప్పటిదాకా ఏమీ రాయకు.

చెల్లి


ఏప్రిల్ 10
జలపాతం

చెల్లాయికి,

నీ ఉత్తరం కోట ఊళ్ళోనే అందింది. జవాబు ఆలస్యమైంది. తేలిగ్గా రాసే జవాబు కాదు.

ముందు జలపాతం గురించి. పుస్తకాల్లో ఉన్నంత ఎత్తు లేదు. కొలిచాను. కానీ నీళ్ళు పడేచోట రాయి గిన్నెలా అరిగిపోయింది, పక్కన నిలబడితే మాట వినపడదు. నేను చేతులతో సైగ చేస్తే గొలుసు ప్రతిసారీ సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. ఆ అలవాటు పోలేదు. రోజూ పొద్దున్నే కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటాడు. కాపడం అక్కర్లేదట.

కోటలో పదిహేడు గోడలు కొలిచాం. ఒక్క టేపు పొడవులో అయిపోయిన గోడకి ఒక జానెడు తేడా, రెండు టేపులు పట్టినదానికి రెండు జానలు. అంటే టేపు పట్టుకున్నప్పుడల్లా తప్పు పట్టుకున్నాడన్నమాట. ఎలాగో కూడా కనిపెట్టాను. గోడ మూలలో ముళ్ళపొదలు. టేపు కొసనున్న ఇత్తడి ఉంగరాన్ని వంగి మూలకి ఆనించాలి. వంగడానికి బద్ధకించి, మూల దాటి జానెడు అవతల నిటారుగా నిలబడి పొట్ట దగ్గర పట్టుకుని ఉంటాడు. అతన్నడిగాను. మూలకే పట్టుకున్నానండీ అన్నాడు. అప్పుడూ అదే అన్నాడు.

ఇక నీ సంగతి. వచ్చాక చెబుతానన్నది నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నీ కొట్టులో అందరి బట్టలూ వారం పడితే, గొలుసు చొక్కా మర్నాటికి తయారయ్యేదని నేను గమనించకపోలేదు. ఆ రోజుల్లో నీ మనసులో అతనుంటే అప్పుడే చెప్పాల్సింది. నేనేమీ రాక్షసుణ్ణి కాను, ఆలోచించేవాణ్ణి. ఇంత వయసొచ్చాక నిన్ను తప్పు పట్టను. కానీ మనసు వేరు, కొలత వేరు. ఉన్న సంగతి అచ్చులో ఉండి తీరాలి. పదిహేనో తేదీకల్లా వాక్యం రాసి పోస్టు చేస్తాను.

కోప్పడకు.

నీ అన్నయ్య


ఏప్రిల్ 12
కొట్టు

అన్నయ్యకు,

నీ తలకాయ. నా మనసులో ఎవరూ లేరు. ఉంటే నిన్ను అడిగేదాన్నా?

వచ్చాక నీ ఎదురుగా చెబుదామనుకున్నాను. నువ్వు ఆగేలా లేవు కాబట్టి రాస్తున్నాను. స్నానశాలల ఊరికి ఎక్స్‌ప్రెస్‌లో పంపిస్తున్నాను. పదమూడుకి నువ్వక్కడ ఉంటావు, పదిహేనులోగా నీ చేతికి అందుతుంది.

ఆ టేపు కోసింది నేను.

ఆ ఏడు నీ ఇంట్లో ఉండి కుట్టు నేర్చుకుంటున్నాను. వేసవి మొదట్లో ఒకరోజు నీ గుడ్డ టేపు బురదలో పడిందని కడిగి తెచ్చావు. మడతలు పోయేలా ఇస్త్రీ చెయ్యమని నువ్వే ఇచ్చావు. చేస్తూ చేస్తూ ఇస్త్రీపెట్టె దాని మీదే ఉంచి గుమ్మం దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఉంగరం వైపు జానెడు కాలి నల్లబడింది. ముట్టుకుంటే రాలింది. నువ్వు తిడతావని భయమేసింది. కాలిన అంచు కోసి మడిచి కుట్టడం అంతకు వారం ముందే నేర్చుకున్నాను. కాలిన ముక్క కోసేసి ఉంగరం మళ్ళీ పెట్టి కుట్టాను. అంతకు ముందు నేనెప్పుడూ అంత సన్నంగా కుట్టలేదు. నువ్వు చూడను కూడా లేదు, చుట్టి సంచిలో వేసుకున్నావు.

అంకెలు చూసుకోలేదని రాయవచ్చు, నువ్వు నమ్ముతావు. కానీ చూశాను. మొదటి అంకెలు పోయాయని తెలుసు. చొక్కాకి జానెడు తగ్గితే అది చొక్కాయే కాదు. కోటకి జానెడేముందిలే అనుకున్నాను.

వేసవి చివర నువ్వు అన్నం తింటూ చెప్పావు, గొలుసు పనికిరాడు, గిడ్డంగికి పంపించేశాం అని. నేను వడ్డిస్తున్నాను. అప్పుడు చెప్పి ఉంటే ఒక్కపూట తిట్లతో పోయేది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను, ఆ మర్నాడు అనుకున్నాను. నెల దాటాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావని ఇంకో భయం. అలా ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఆయన చొక్కా అందరికంటే ముందు కుట్టి ఇచ్చింది అందుకే. ఆయన గుమ్మంలో నిలబడితే తొందరగా ఇచ్చి పంపేస్తే చాలనుకునేదాన్ని. నువ్వు దానికి పెట్టిన అర్థం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను.

నన్ను ఏమైనా అను. మాట్లాడటం మానేసినా పడతాను. ఆ వాక్యం మాత్రం పంపకు. పేరు వేయాల్సి వస్తే నా పేరు వెయ్యి.

చెల్లి


ఏప్రిల్ 15
కొండ మీద, కావలి బురుజు దగ్గర

చెల్లాయికి,

చిన్న మార్పు. స్నానశాలల దారిలో కాలువ వంతెన బాగుచేస్తున్నారని బస్సు తిప్పేశారు. అందుకని బురుజు ముందు పెట్టుకున్నాం. పంతొమ్మిదిన అక్కడికి వెళతాం. నువ్వు ఏమైనా రాసి ఉంటే అప్పటిదాకా అక్కడే ఉంటుంది. అలిగి రాయడం మానేశావేమో అని కూడా అనుకుంటున్నాను.

ఇక్కడి నుంచి మూడు లోయలు కనిపిస్తాయి. కావలివాళ్ళు కూర్చున్న రాతి అరుగు మధ్యలో రెండు గుంటలు పడ్డాయి, ఇద్దరు మనుషులు పక్కపక్కన ఎంతకాలం కూర్చుంటే రాయి అలా అరుగుతుందో తెలియదు. మేమూ వాటిలోనే కూర్చుని టీ తాగాం. గొలుసు ఒంటికి అతని గుంట సరిపోయింది, నాది కాస్త బిగువైంది. గాలికి గుడారం ఒక మేకు ఊడింది. అతనే మళ్ళీ కొట్టాడు.

బురుజుకీ జానెడే తేడా. ఇక సందేహం లేదు. నిన్న వాక్యం రాసేశాను. "కొలతల సమయంలో టేపు కొస పట్టిన సిబ్బంది నిర్లక్ష్యం వల్ల" అని మొదలుపెట్టి, పేరు, హోదా, సంవత్సరం అన్నీ వేశాను. నాలుగు సార్లు తిరగరాశాను. కటువైన మాట ఒక్కటి లేదు. చదివితే నువ్వు కూడా ఒప్పుకుంటావు.

పోస్టుడబ్బా కొండ దిగువన ఉంది. ఎండగా ఉందని నేను వెళ్ళలేదు, గొలుసుకిచ్చి పంపాను. కవరు మీద అడ్రసు చదివి, ఆఫీసుకా అండీ అన్నాడు. అవునన్నాను. మోకాళ్ళ వల్ల దిగి ఎక్కేసరికి రెండు గంటలు పట్టింది. వచ్చి, వేశానండీ అని చెప్పి స్టవ్ వెలిగించాడు.

నీ అన్నయ్య


ఏప్రిల్ 18

అన్నయ్యకు,

ఇది కూడా స్నానశాలల ఊరికే. అక్కడ నా పన్నెండో తేదీ ఉత్తరం నీ కోసం పడి ఉంది. అది చదివాకే ఇంకేమైనా చెయ్యి.

నేను ఒంటికాలి మీద మెట్లు దిగి, బండి పిలిపించుకుని పోస్టాఫీసుకి వెళ్ళి మీ శాఖకి నా చేత్తో ఒక ఉత్తరం రాసి పంపాను. నీ అనుమతి అడగలేదు. ఆయన చేత్తోనే ఆ కవరు పోస్టు చేయించావు. ఎలా చేయించావురా అన్నయ్యా?

చెల్లి


ఏప్రిల్ 23
స్నానశాలలు

చెల్లాయికి,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇరవయ్యో తేదీ పొద్దున, పోస్టాఫీసు తెరిచేలోపు వేడినీళ్ళ గది కొలుద్దామనుకున్నాను. చిన్న గది, నాలుగు గోడలూ నిలిచే ఉన్నాయి. నా పటంలో నాలుగు మీటర్ల అరవై. ఇప్పుడు నాలుగు ముప్పై ఎనిమిది. మళ్ళీ జానెడు. రాసుకున్నాక చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి కొలుస్తాం. గోడ లోపలికి దూరి జానెడు అవతల ఎవరు నిలబడగలరు? పొట్ట దగ్గర పట్టుకున్నాడన్న నా లెక్క అక్కడ చెల్లదు. తప్పు చేతిది కాదు, టేపుది.

తర్వాత పోస్టాఫీసుకి వెళ్ళాను. నీ ఉత్తరాలు రెండూ ఇచ్చారు. బల్ల మీద కూర్చుని చదివాను.

కోపం వచ్చింది. దాచను. అక్కడే కాగితం తీసి, గొలుసు పేరున్న చోట నీ పేరు పెట్టి కొత్త వాక్యం రాశాను. నీ వృత్తి కూడా వేశాను. నువ్వు కోరిందే కదా. జేబులో పెట్టుకుని గుడారానికి వచ్చాను. అతను స్టవ్ దగ్గర కూర్చుని, చెల్లెమ్మగారి కాలు ఎలా ఉందటండీ అని అడిగాడు. నీ పన్నెండో తేదీ ఉత్తరం తీసి మొత్తం చదివి వినిపించాను. తన చొక్కా అందరికంటే ముందు ఇచ్చేదానివన్న ముక్క దగ్గర తల దించుకున్నాడు. అంతా అయ్యాక అన్నాడు:

"ఆ కుట్టు నేను మొదటి రోజే చూశానండీ. మీతో చెప్పాను."

నేనేమన్నానని అడిగాను.

"పట్టుకోవడం నీ పని, చూడటం నా పని అన్నారు."

నాకు గుర్తులేదు. ఎంత ఆలోచించినా ఆ రోజు గుర్తు రాలేదు. కానీ ఆ మాట నాదే. నేను అలాగే మాట్లాడేవాణ్ణి, నీకూ తెలుసు. గిడ్డంగికి పంపేటప్పుడైనా మళ్ళీ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఒకసారి చెప్పాను కదండీ అన్నాడు.

కొండ దిగి తాను పోస్టు చేసిన కవరులో ఏముందో కూడా అతనికి తెలుసు. రాసేటప్పుడు నేను ప్రతి మాటా పైకి అనుకుంటూ రాస్తానట. నాలుగు సార్లు తిరగరాశాను కాబట్టి నాలుగు సార్లు విన్నాడు. విని కూడా ఎందుకు వేశావన్నాను. ఆఫీసు ఉత్తరం కదండీ అన్నాడు. నేను గుడారం బయటకి వచ్చి స్నానశాలల చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాను. సిగ్గేసింది చెల్లాయ్. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఈరోజు దాకా ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు.

మర్నాడు పోస్టాఫీసు నుంచి శాఖకి ఫోను చేశాను. గుమస్తా చెప్పాడు, నా మొదటి వాక్యం చేరిందట. దాని వెనకే ఎవరో ఆవిడ ఉత్తరం కూడా చేరిందట, ఆ పెద్దాయన పేరు అచ్చువేస్తే కాలికి పట్టీతోనే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటానని. ఆఫీసంతా చదివారు. పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. ఇరవై ఎనిమిదికల్లా కొత్త కొలతలూ కొత్త వాక్యమూ అందితే మారుస్తామన్నారు.

కొత్త వాక్యం ఇది: "ఆ ఏడాది కొలతలు తీసినది నేను. టేపు మొదట్లో కుట్టు ఉన్నదని గొలుసు పట్టిన ఉద్యోగి నాతో చెప్పాడు. నేను వినలేదు." కింద నా సంతకం. ఆయన పేరు వేయనా అని అడిగితే, ఈసారి వేయండీ అన్నాడు. గొలుసు అని కాదు, అసలు పేరు. నేను అక్షరాలు ఆయన్నే అడిగి రాసుకోవాల్సి వచ్చింది.

నీ పేరు అందులో లేదు. దయ తలచి తీసేశాననుకోకు. టేపు చూసుకోవలసింది నేను, ఆ మాట నేనే అన్నాను. నీ మీద కోపం ఇంకా ఉంది, ఇంటికొచ్చాక తీరిగ్గా పోట్లాడతాను. నువ్వు ఆయనకి చెప్పుకోవలసింది నువ్వే చెప్పుకో. నేను మధ్యలో రాను.

టైము లేదు. మొన్న మధ్యాహ్నం నుంచి స్నానశాలలన్నీ మొదటి నుంచీ కొలుస్తున్నాం, వంతెన తెరిచారు కాబట్టి రేపు మళ్ళీ కోటకి. ఆయన మోకాళ్ళు వంగవు. అందుకని ఆయన టేపు చివర నిలబడి అంకెలు చదివి రాసుకుంటున్నాడు, నేను ఉంగరం పట్టుకుని మూలల్లో కూర్చుంటున్నాను. మూలల్లో నిజంగానే ముళ్ళున్నాయి. మోకాళ్ళు, మోచేతులు గీసుకుపోయాయి. అంకె చదివే ముందు ప్రతిసారీ టేపు వెంట కళ్ళు పోనిచ్చి నా దాకా చూస్తాడు.

"ఇంకొంచెం వంగండి అయ్యగారూ, ఉంగరం మూలకి ఆనలేదు" అంటాడు.

వంగుతున్నాను.

నీ అన్నయ్య